కమిటీ మెంబరు దేవకమ్మ

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ క్యాంటీన్ గోడ మీద దేవకమ్మ ఫోటో ఉంది. అది గోడెక్కి రెండేళ్లయింది. పుత్తూరు నుంచి చిత్తూరు పోయే రోడ్డు పక్కనుంటుంది ఆ ఫ్యాక్టరీ. సీజన్లో బస్సు అటు తిరగకముందే తోతాపురి కాయల వాసన కిటికీలోంచి వచ్చేస్తుంది. మూడు వందల మంది పనిచేసే ఆ చోట గోడెక్కినవి నాలుగంటే నాలుగే ఫోటోలు. వాళ్లలో ముగ్గురు కుర్చీల్లో కూర్చునే బాపతు. నిలబడి పనిచేసే మనిషి దేవకమ్మ ఒక్కతే.

ఫోటో ఎందుకు తీస్తున్నారో ఆమె అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఒకరోజు ఆఫీసుకు రమ్మన్నారు. ఉతికిన తెల్లకోటు ఇచ్చి, గోడకు ఆనించి నిలబెట్టి, నవ్వమన్నారు. ఇంగ్లీషు కాగితాలు మూడు ముందుపెట్టి సంతకాలు చేయమన్నారు, చేసింది. బాగా పనిచేసేవాళ్ల ఫోటోలు పెడుతున్నారని తనకు తానే తేల్చుకుంది. పదకొండేళ్లుగా కుళ్లిన కాయ ఒక్కటి కూడా తన బల్ల దాటనివ్వని మనిషికి ఆ మాత్రం మర్యాద జరగడంలో ఆమెకు వింతేమీ కనపడలేదు. ఫోటో కింద నాలుగు వరసల ఇంగ్లీషు రాసి ఉంది. అంత రాశారంటే పొగిడే ఉంటారనుకుంది. మొగుడు గంగాధరాన్ని వెంటబెట్టుకుపోయి మరీ చూపించింది. ఆయన కాసేపు తేరిపార చూసి, "బొట్టు వంకరగా ఉండాదే" అన్నాడు. మనిషికి అంతకంటే మెచ్చుకోవడం రాదు.

ఫ్యాక్టరీ లోపలికి పోవాలంటే ముందు టోపీ చెకింగ్ దాటాలి. గుజ్జులో ఒక్క వెంట్రుక కనపడినా పరాయి దేశం పోయిన కంటైనర్ వెనక్కి వస్తుందట. అందుకని గాజులు, పూలు, పిన్నీసులు అన్నీ బయటే తీసేసి, జుట్టంతా టోపీలోకి తోసుకుని ఆడవాళ్లు వరసగా నిలబడతారు. ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలని రూలు. కానీ పొద్దున షిఫ్టులో చూసేది సూపర్‌వైజర్ మునికృష్ణ. "తల వంచు" అంటాడు. వంచితే మెడ మీద వేలు పెట్టి, లేని వెంట్రుకను వెతుకుతాడు. చెవి వెనక వెతుకుతాడు. కోటు కాలర్ లోపల వెతుకుతాడు. ఎవరైనా పక్కకు జరిగితే "కంటైనర్ వెనక్కొస్తే మీ నాయన కడతాడా?" అని అందరి ముందూ నవ్వుతాడు. నవ్వాల్సి వస్తుందని మిగతావాళ్లు నేల చూస్తారు. ఆ మర్నాడు ఆ పిల్లను చల్లగదిలో వేస్తాడు. అక్కడ రెండు గంటలు నిలబడితే వేళ్లు కొయ్యబారిపోతాయి.

దేవకమ్మను మాత్రం అతను ముట్టుకోడు. వాళ్లవి పక్కపక్క ఊర్లు, వరసకు అత్త అవుతుంది. "నువ్వు పో అత్తా" అని చెయ్యి ఊపి పంపించేస్తాడు. మూటలు మోసీ మోసీ గంగాధరం నడుము పడిపోతే, గేటు దగ్గర లారీలు తూకమేసే కాటా మీద కుర్చీపని ఇప్పించింది కూడా అతనే. ఆ మాట తనకు గుర్తుందని దేవకమ్మ అతనికి కనపడినప్పుడల్లా మొహంతోనే చెబుతుంది.

అయితే ఆమె చెడ్డదేమీ కాదు. సీజన్‌కు కొత్తగా వచ్చిన పిల్లలను చాటుగా పిలిచి జాగ్రత్తలు చెప్పేది. "టోపీ కింద గుడ్డ కట్టుకో, మెడ దాకా దించి కట్టు. లైన్లో మొదటా నిలబడొద్దు, కడాకూ నిలబడొద్దు, నడాన నిలబడు. తల వంచమంటే దగ్గు. దగ్గితే కొంచెం ఎడంగా జరుగుతాడు." ఇన్ని తెలివితేటలు చెప్పినందుకు పిల్లలు ఆమెను "అక్కా అక్కా" అని చుట్టుకునేవారు. తను ఎంతమందిని కాపాడుతోందో అనుకుని దేవకమ్మ లోలోపల తృప్తి పడేది.

ఈ ఏడు జూన్‌లో అమల వచ్చింది. పుత్తూరు చర్చి వీధి పిల్ల. డిగ్రీ మధ్యలో ఆపేసి సీజన్ పనికి చేరింది. గట్టిగా మాట్లాడదు కానీ కళ్లు దించుకుని మాట్లాడే అలవాటూ లేదు. చేరిన రెండో వారంలో, మధ్యాహ్నం కొళాయిల దగ్గర చేతులు కడుక్కుంటున్న దేవకమ్మ పక్కన నిలబడి, మడిచిన కాగితం ఒకటి ఆమె తడి చేతిలో పెట్టింది.

"ఏందే ఇది?"

"కంప్లెయింట్ అక్కా. మునికృష్ణ మీద."

దేవకమ్మ చుట్టూ చూసింది. "నాకెందుకిస్తాండావు? ఆఫీసులో ఇయ్యి పో."

"నువ్వు కమిటీలో ఉండావు గదక్కా."

"యా కమిటీ?"

అమల ఆమె మొహంలోకి చూసి, నిజంగానే తెలియదని గ్రహించి, క్యాంటీన్ గోడవైపు గడ్డం ఎత్తి చూపింది. "ఆ ఫోటోల కింద రాసిండేది అదే. పనికాడ ఆడోళ్లను ఎవురన్నా ఇబ్బంది పెడితే ఆ నలుగురిలో ఎవురికైనా రాసియ్యొచ్చునంట. ల్యాబ్ మేడం పెద్ద, ఆఫీసు బాలచంద్ర సారొకరు, తిరుపతి లాయరమ్మ ఒకరు, ఇంకొకరు నువ్వు. నీ పేరు పక్కన మెంబర్ అని ఉండాది."

దేవకమ్మకు ముందు సిగ్గేసింది. రెండేళ్లుగా ఆ గోడ పక్కన నిలబడి అన్నం తింటూ తను మురిసిపోయింది దీనికా? ఆ సిగ్గు పూర్తిగా దిగకముందే భయం ఎక్కింది. కాగితం వెనక్కి ఇవ్వబోతే అమల అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. చల్లగది వైపుకు. కాగితాన్ని రవికలో దోపుకుని దేవకమ్మ బల్ల దగ్గరికి పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె చేతుల కింద నుంచి ఎన్ని కుళ్లు కాయలు దాటిపోయాయో ఎవరికీ తెలియదు.

ఇంటికి పోయి, తలుపు వేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "టోపీ సరిచేస్తానని మెడ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. వద్దన్నాను. మర్నాడు ల్యాబ్ పక్క గదిలోకి వస్తే సరిగ్గా చూస్తానన్నాడు. నేను పోలేదు. అప్పటినుంచి చల్లగదిలో వేస్తున్నాడు." తేదీలు, టైములు అన్నీ ఉన్నాయి. కింద చివరి వాక్యాన్ని రెండోసారి చదివింది. "దేవకమ్మ అక్క చెప్పినట్టే గుడ్డ కట్టుకున్నాను, మధ్యలోనే నిలబడ్డాను, అయినా తప్పలేదు."

పిల్ల నిజమే రాసింది. కానీ ఈ కాగితం ఎవరు చదివినా అడిగే మొదటి ప్రశ్న మునికృష్ణను కాదు, తననే. ఆ గుడ్డ కట్టుకోవాలని నీకెలా తెలుసమ్మా, అని అడుగుతారు. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. కాగితాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టింది. గంగాధరానికి చెప్పలేదు. రాత్రి అన్నం వండుతుంటే చెయ్యి బియ్యంలో పెట్టడానికి కూడా జంకింది.

మూడు రోజులు అలాగే నడిచాయి. ఫ్యాక్టరీ వ్యాన్‌లో అమల ఎక్కగానే దేవకమ్మ కిటికీ వైపు తిరిగిపోయేది. ఆ పిల్ల ఏమీ అడగలేదు. అడిగితే తిట్టి పంపించేద్దామనుకుంది. అడగకపోవడమే ఆమెను తినేసింది. పనిలో ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది. మునికృష్ణ దూరంగా నిలబడి ఎవరితోనో నవ్వితే తన గురించే అనుకునేది. యాభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన మనిషి, ఒక మడిచిన కాగితానికి ఇంతగా వణుకుతోందంటే చెప్పుకోవడానికి కూడా నామర్దాగా ఉంది.

నాలుగో రోజు పొద్దున చెకింగ్‌లో మునికృష్ణ అమల ముందు ఆగాడు. మెడ వైపు చెయ్యి పెట్టలేదు. "నీది ఈడ సూస్తే కాదు. లోపలికి రా" అన్నాడు. ల్యాబ్ మేడం ఇంకా రాలేదు. వరసలో అందరూ చూశారు. అందరూ చూసి, వరస కదిలితే కదిలారు. అమల ఒక్కసారి వెనక్కి తిరిగింది. దేవకమ్మ వైపు చూసిందో, గేటు వైపు చూసిందో తెలియదు. ల్యాబ్ పక్క గది తలుపు మూసుకుంది.

దేవకమ్మ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. బెల్టు తిరుగుతోంది, కాయలు వస్తున్నాయి. బల్ల మీద నుంచి చూస్తే ఆ తలుపు సూటిగా కనపడుతుంది. కళ్ల ముందు గంగాధరం కాటా కుర్చీ ఒకటే కదులుతోంది. అప్పుడు ఆమె చెయ్యి, ఆమెను అడక్కుండానే, బల్ల పక్కనున్న ఎర్ర బటన్ నొక్కింది. అది బెల్టులో ఏదైనా పడితే లైను ఆపే బటన్. పదకొండేళ్లలో ఆమె దాన్ని ముట్టుకోలేదు. గంట మోగింది, ఫ్యాక్టరీ మొత్తం ఒక్కసారిగా నిలిచిపోయింది.

తలుపు తెరుచుకుని మునికృష్ణ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే అమల వచ్చింది. టోపీ చేతిలో ఉంది, మొహం తెల్లగా పాలిపోయింది, కానీ నడిచే వచ్చింది.

"ఏమైంది? ఎవురు నొక్కింది?"

"నేనేబ్బా" అంది దేవకమ్మ. "గ్లౌజు పడింది."

మునికృష్ణ ఆమె చేతుల వంక చూశాడు. రెండు చేతులకూ రెండు గ్లౌజులూ ఉన్నాయి. బటన్ తిప్పి లైను మళ్లీ వదిలాడు. అరిచి ఉంటే దేవకమ్మకు అంత భయం వేసేది కాదు.

మధ్యాహ్నం కొళాయిల దగ్గరికి వచ్చాడు. మెల్లగా, ఇంటి మనిషిలాగే మాట్లాడాడు.

"అత్తా, ఆ పాప ఏందో కాగితం రాసి నీ కాడ పెట్టిందంట గదా, సూసినోళ్లు చెప్పినారు."

"నా కాడ ఏం కాగితం ఉంటుందబ్బా, నాకు సదువే సరిగా రాదు."

"అదే నేనూ అనుకుంటి. మామ నడుం ఎట్లుండాది? కాటాకాడికి కొత్తోణ్ణి వెయ్యమని ఆఫీసోళ్లు నా పీక మీద కూసోనుండారు. మామ ఉండాడు, ఆయన్ని తీసేదానికి లేదని నేనే అడ్డం పడతా ఉండా." కొళాయి కట్టేసి, చేతులు దులుపుకున్నాడు. "ఆ కాగితం రేపు పొద్దునకి నా కాడ ఉండాల, అత్తా."

ఆ సాయంత్రం ఆమె బియ్యం డబ్బా మూత తీసింది, మూసింది. పొయ్యిలో పెట్టేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. అగ్గిపెట్టె కూడా చేతిలోకి తీసుకుంది. కాల్చలేదు. ధైర్యం వచ్చి కాదు, కాల్చాక ఆ పిల్ల మళ్లీ ఆ గదిలోకి పోతుందని, అప్పుడు ఎర్ర బటన్ నొక్కి గ్లౌజు పడిందంటే రెండోసారి ఎవరూ నమ్మరని. కాగితం తెల్లారి మళ్లీ రవికలోకి చేరింది.

ఆ పొద్దున మునికృష్ణ ఆమెను పట్టుకోకముందే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మర్నాడు గుజ్జు కొనే విదేశీ కంపెనీ తరఫున ఆడిట్‌వాళ్లు వస్తున్నారు. బాలచంద్ర సారు హడావుడిగా ఫైళ్లు సర్దుతూ ఆమె ముందు ఒక ఇంగ్లీషు కాగితం, ఒక పెన్ను పెట్టాడు.

"దేవకమ్మా, ఇక్కడొక సంతకం. వాళ్లు నిన్ను పిలిచి అడిగినా అడుగుతారు. ఈ సంవత్సరం కంప్లెయింట్లు ఏమీ రాలేదని చెప్పు, చాలు."

"ఇందులో ఏం రాసిండారు సార్?"

ఈ ప్రశ్నను ఆయన ఊహించలేదు. "అదే. కమిటీకి వచ్చిన కంప్లెయింట్లు సున్నా అని."

పెన్ను ఆమె వేళ్ల మధ్య ఉంది. సంతకం చేస్తే ఇంటికి పోవచ్చు. గంగాధరం కుర్చీ ఉంటుంది, మునికృష్ణ నోట అత్తా అనే పిలుపూ ఉంటుంది. రెండేళ్ల కిందట మూడు సంతకాలు ఏమీ తెలియక చేసింది. ఇప్పుడు చేసేది తెలిసి చేయాలి. పెన్ను కాగితం మీద చిన్న గీత గీసి ఆగింది.

"సార్," అంది, పెన్ను పక్కన పెట్టి, "సున్నా కాదు సార్. ఒకటి వచ్చిండాది."

బాలచంద్ర తల ఎత్తాడు. ఆమె రవికలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. చెమటకు తడిసి మడతల దగ్గర చిరుగు పట్టింది. ఆయన చదివాడు. మొహంలో రంగులు మారాయి. ఆయనేమీ పుణ్యాత్ముడు కాదు. కానీ ఉన్న కంప్లెయింటును దాచారని ఆడిట్‌లో తేలితే ముందు పోయేది తన ఉద్యోగమేనని బాగా తెలిసినవాడు. ఫోన్ తీసి తిరుపతి లాయరమ్మకు చేశాడు.

మునికృష్ణను ఆ వారమే గోడౌన్‌కు మార్చారు, విచారణ అయ్యేదాకా లైను వైపు రాకూడదన్నారు. టోపీలు చూడడానికి ఒక ఆడమనిషిని పెట్టారు. అంతా న్యాయం ప్రకారమే జరిగింది. ఆ న్యాయంలోనే గంగాధరాన్ని కాటా మీద నుంచి దింపేశారు, వయసు అయిపోయిందన్నారు. ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "ఇంకొక సీజను ఆగి చెప్పి ఉండరాదా" అన్నాడు. కోపంగా అనలేదు. వ్యాన్‌లో ఆమె పక్క సీటు ఖాళీగా ఉండేది. ఒక పొద్దున ఇంటి ముందు ఎవరో బండి ఆపి, హారన్ గట్టిగా మోగించి వెళ్లిపోయారు. మర్నాడూ అదే. ఆ తర్వాత ఆమె వాకిలి ఊడ్చేటప్పుడు కూడా రోడ్డు వైపు వీపు పెట్టడం మానేసింది.

విచారణ రోజున పదకొండు గంటలకు ల్యాబ్ మేడం రాజశ్రీ గదిలో కూర్చోబెట్టారు. ఒక పక్క నాలుగు కుర్చీలు, కమిటీవి. ఎదురుగా రెండు; మునికృష్ణను తర్వాత వేరేగా పిలుస్తారట. ఒక దాంట్లో అమల, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండోది సాక్షులు ఎవరైనా వస్తే వాళ్లకు. అప్పటిదాకా సాక్షి ఒక్కరూ రాలేదు. వరసలో నిలబడి చూసిన నలభై మందినీ అడిగారట. తల వంచుకుని ఉన్నాం మేడం, ఏమీ కనపడలేదు అన్నారట.

లాయరమ్మ లోహిత తిరుపతి నుంచి వచ్చింది. కాగితం చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది కానీ ఎవరి వైపూ చూడలేదు.

"మొదలుపెట్టే ముందు ఒక మాట" అంది. "జరిగింది కళ్లారా చూసినవాళ్లు కమిటీ కుర్చీలో కూర్చోకూడదు. వాళ్లు సాక్షి అవుతారు. మనలో అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బాలచంద్ర ఫైలు చూశాడు. రాజశ్రీ మేడం గడియారం చూసింది. దేవకమ్మకు ఆ క్షణంలో అర్థమయింది, ఈ కుర్చీలో ఉంటే తనను ఎవరూ ఏమీ అడగరు. తల ఊపుతూ కూర్చుంటే చాలు. అందరికీ అదే కావాలి. తనకూ అదే కావాలి. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

పట్టుకునే లేచింది. బల్ల చుట్టూ తిరిగి, అమల పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"నేను సూసినాను మేడం."

"ఈ అమ్మాయి విషయమా?"

"ఈ పాపదొకటే కాదు. ఎనిమిదేండ్లుగా సూస్తానే ఉండాను. వచ్చిన పిల్లకల్లా తప్పించుకునేది నేర్పిస్తి. వాడు చేసేది తప్పని ఒక్కరికీ చెప్పకపోతిని."

లోహిత పెన్ను తీసింది. "పేర్లు గుర్తున్నాయా దేవకమ్మగారూ? తొందరేమీ లేదు."

గుర్తున్నాయి. అన్నీ గుర్తున్నాయి. అమల మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది, ఆమె ముట్టుకోలేదు.

"మొదట గుడ్డ కట్టించింది మునిలక్ష్మికి. పదిహేడేండ్ల పాప. తొమ్మిది దినాలు వచ్చి మానేసింది. పనికి ఒళ్లొంగని పిల్ల అని వాళ్లమ్మకు చెప్పినాను, వాళ్లమ్మ నా మాటిని దాన్ని కొట్టింది." దేవకమ్మ కళ్లు తుడుచుకోలేదు. "మా చెల్లెలి కూతురే మేడం. రాసుకోండి."